కాలేజీలో ఫ్యాబ్ లేకుండా విశాఖ నుంచి మెమ్స్‌లో పీహెచ్‌డీ చేయొచ్చా?

మెమ్స్‌లో, అంటే సిలికాన్ మీద చెక్కే అతి చిన్న యాంత్రిక పరికరాల్లో, ప్రెషర్ సెన్సర్ మీద పీహెచ్‌డీ చేయాలనుంది, కాలేజీలో ఫ్యాబ్ (చిప్‌లు తయారుచేసే ల్యాబ్) లేదు, సిమ్యులేషన్‌తోనే సరిపెట్టుకోవాలా అని అడిగారు.

అక్కర్లేదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ నిధులతో నడిచే ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) పథకం ఇందుకే ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే, మద్రాస్ లాంటి చోట్ల ఉన్న నానో ఫ్యాబ్‌లను బయటి కాలేజీల వాళ్లూ వాడుకోవచ్చు. ముందు శిక్షణకు వెళ్లండి, ఆ తర్వాత ప్రాజెక్టు ప్రతిపాదన పెట్టండి. అందులో ప్రాసెస్ ఫ్లో (తయారీ దశల క్రమం) గట్టిగా ఉండాలి: ఏ వేఫర్ (పలుచని సిలికాన్ పళ్లెం), ఎన్ని మాస్కులు (ఆకారాల అచ్చులు), ఏ పొర ఎంత మందం, దేంతో ఎచింగ్ (రసాయనంతో కరిగించి చెక్కడం). రంగురంగుల సిమ్యులేషన్ బొమ్మలు దీనికి బదులు కావు.

మీ సెన్సర్‌నే తీసుకోండి. 525 మైక్రాన్ల మందం, (100) స్ఫటిక తలం ఉన్న సిలికాన్ వేఫర్‌ని కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణంలో ఎచ్ చేస్తే గోడలు 54.7 డిగ్రీల వాలుతో దిగుతాయి. అందుకే మాస్క్‌లో కిటికీ (ఎచింగ్ జరిగే తెరిచిన చోటు) కొలత డయాఫ్రమ్ (ఒత్తిడికి వంగే పలుచని పొర) భుజానికి లోతు × 1.414 కలిపినంత ఉండాలి. 500 మైక్రాన్ల డయాఫ్రమ్ కోసం 515 మైక్రాన్ల లోతు తవ్వాలంటే కిటికీ సుమారు 1228 మైక్రాన్లు. కిటికీ అంచు వేఫర్ ఫ్లాట్‌కి (స్ఫటిక దిశ చూపే తిన్నని అంచు) కాస్త వంకరగా పడినా గుంట అనుకున్నదానికన్నా పెద్దదవుతుంది. 30 శాతం కేఓహెచ్, 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిమిషానికి రమారమి ఒక మైక్రాన్ పోతుంది, అంటే దాదాపు ఎనిమిదిన్నర గంటల పని. అంతసేపు ఫోటోరెసిస్ట్ (కాంతితో ఆకారం గీసే పూత) నిలవదు, ఒక మైక్రాన్ ఆక్సైడ్ కూడా నిలవదు. ఎల్‌పీసీవీడీ (తక్కువ పీడనంలో ఆవిరి నుంచి పొర పేర్చే పద్ధతి) నైట్రైడ్ మాస్క్ కావాలి.

అసలు దెబ్బ మందం దగ్గర తగులుతుంది. వేఫర్ మందంలోనే ±25 మైక్రాన్ల తేడా ఉండొచ్చు. గడియారం చూసి ఆపితే 10 మైక్రాన్లు మిగలాల్సిన చోట చిల్లు పడొచ్చు, 30 మిగలొచ్చు. చిన్న వంపుల్లో డయాఫ్రమ్ వంగే మేర దాని మందపు ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి 10 బదులు 8 మైక్రాన్లు వచ్చినా వంపు దాదాపు రెట్టింపవుతుంది. ఖరీదైనా ఎస్‌ఓఐ (రెండు సిలికాన్ పొరల మధ్య ఆక్సైడ్ ఉన్న) వేఫర్ తీసుకోండి, లోపలి ఆక్సైడ్ పొర దగ్గర ఎచింగ్ దాదాపు ఆగిపోతుంది. వెనక కిటికీ, ముందున్న పీజోరెసిస్టర్లు (వంపుకి నిరోధం మారే రెసిస్టర్లు) సరిగ్గా ఎదురెదురుగా పడటానికి డబుల్ సైడ్ అలైనర్ (వేఫర్ రెండు వైపులా ఆకారాలు సరిచూసే యంత్రం) తప్పనిసరి. అయినా పది మైక్రాన్లు జరగొచ్చు, అందుకే రెసిస్టర్లను అంచు నుంచి వేర్వేరు దూరాల్లో పెట్టిన చిప్‌లు ఒకే మాస్క్‌లో వేయండి. షీట్ రెసిస్టెన్స్, కాంటాక్ట్ రెసిస్టెన్స్ కొలిచే టెస్ట్ స్ట్రక్చర్లు కూడా ఉండాలి. అవి లేకపోతే సెన్సర్ పని చేయనప్పుడు లోపం ఎక్కడుందో తేలదు.

ప్రెషర్ చాంబర్, సోర్స్ మీటర్, ఓవెన్ ఉంటే కొలతలన్నీ విశాఖలోనే చేసుకోవచ్చు. మన సముద్రపు గాలితో మాత్రం జాగ్రత్త. ప్యాకేజీ లేని చిప్ మీద తేమ, ఉప్పు చేరితే ప్యాడ్‌ల మధ్య కరెంటు లీకేజీ వచ్చి బ్రిడ్జి ఆఫ్‌సెట్ (ఒత్తిడి లేనప్పుడు రెసిస్టర్ల వలయం ఇచ్చే వోల్టేజీ) మారుతుంది, అది సెన్సర్ డ్రిఫ్ట్‌లా కనిపిస్తుంది. అల్యూమినియం ప్యాడ్‌లూ తుప్పు పడతాయి. చిప్‌లు డెసికేటర్‌లో (తేమ లేని పెట్టె) ఉంచండి, ప్రతి రీడింగ్ పక్కన గది తేమ రాయండి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3, గరిష్ఠంగా 6 సంవత్సరాలు. మొదటి రన్‌లో (ఫ్యాబ్‌లో ఒక విడత తయారీ) మంచి సెన్సర్ రావడం అరుదు, రెండో రన్‌కి సమయం మిగలాలంటే కోర్స్‌వర్క్ ఏడాదిలోనే మాస్క్ డిజైన్ ముగియాలి. చేరే ముందు గైడ్‌ని అడగండి: వైర్ బాండింగ్ (చిప్‌కి సన్నని తీగలు అతకడం) ఎక్కడ, ప్రోబ్ స్టేషన్ (చిప్‌ని సూదులతో తాకి కొలిచే పరికరం) ఎక్కడ, ఫ్యాబ్‌కి వెళ్లినప్పుడు సెలవు, ఖర్చు ఎవరిస్తారు?