గ్రావెల్ తీసిన నేలలో మొక్కలు బతకాలంటే

కొండపల్లి వైపు గ్రావెల్ తవ్వేసిన చోట వేప, కానుగ పెడితే వానల్లో ఆకులు పసుపెక్కి, వేసవికి ఎండిపోయాయన్నారు కదండీ. అసలు దెబ్బ వానల్లోనే తగిలింది. లారీలు తిరిగీ తిరిగీ అడుగు నేల బిగుసుకుపోతుంది. అందులో తీసిన గుంత తొట్టిలా నీరు పట్టేస్తుంది, వేరుకు గాలాడదు. కుళ్లిన వేరు ఇక ఎండకేం తట్టుకుంటుంది?

మే నెలలోనే నేలను లోతుగా చీల్చే యంత్రపు కొక్కెంతో, అంటే రిప్పర్‌తో వాలుకు అడ్డంగా 2 అడుగుల లోతు చీల్చించండి. నేల పొడిగా ఉంటేనే పగులుతుంది, తడిలో చీలిస్తే మళ్లీ అతుక్కుంటుంది. ఆ చాళ్ల మీదే గుంతలు తీసి, తవ్విన మట్టిలో మూడో వంతు చెరువు మట్టి, గుంతకు 5 కిలోల మాగిన పశువుల ఎరువు కలపండి. గుంత నిండా చెరువు మట్టే పోస్తే వేరు బయటికి పోకుండా అక్కడే చుట్టుకుంటుంది. కవరు తీశాక అడుగున మెలిపడ్డ వేళ్లు కత్తిరించడం మర్చిపోవద్దు. నాటడం తొలకరి బాగా పడ్డాకే.

ఎత్తు మీద చండ్ర, కానుగ. నీరు చేరే పల్లంలో నల్లమద్ది, నేరేడు. కొండపల్లి బొమ్మలు చేసే చెక్కనిచ్చే తెల్లపొణికి రాతి వాలుకు నప్పుతుంది గానీ, మొలక కష్టం, పెరిగిన మొక్కే తెచ్చుకోండి. త్వరగా పచ్చబడుతుందని సుబాబుల్ వేయమంటారు, వినకండి. గింజ రాలి గుబురుకట్టి మిగతావాటిని లేవనివ్వదు.