నీలిపొడి రంధ్రాలు ఖాళీ అయ్యాయా?

ప్రశ్న: కాపర్ నైట్రేట్, ట్రైమెసిక్ ఆమ్లంతో హెచ్‌కస్ట్-1 అనే మాఫ్ (మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్: లోహాన్ని సేంద్రియ అణువులతో కలిపి కట్టిన, సన్నటి రంధ్రాలుండే చట్రం) చేశాను. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ సరిపోయింది. రంధ్రాల లోపలి గోడల్ని కూడా కలిపి, నైట్రోజన్ పీల్చుకోవడాన్ని బట్టి లెక్కించే బీఈటీ ఉపరితల వైశాల్యం మాత్రం గ్రాముకి 600 చదరపు మీటర్లే. పేపర్లలో 1,500 పైన ఉంటుంది. తేడా ఎక్కడ? – ఎమ్మెస్సీ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: స్ఫటికం సరిగానే కట్టింది, రంధ్రాలే ఖాళీ కాలేదు. 1999లో హాంకాంగ్ బృందం దీన్ని మొదట ప్రకటించినప్పుడు వాళ్లకీ 692 చదరపు మీటర్లే వచ్చింది. తర్వాత బాగా కడిగి ఆరబెట్టినవాళ్లకి అదే పదార్థంలో 1,500 నుంచి 1,900 దాకా వచ్చింది.

తయారీలో 0.87 గ్రాముల కాపర్ నైట్రేట్ ట్రైహైడ్రేట్, 0.42 గ్రాముల ట్రైమెసిక్ ఆమ్లం, 12 మి.లీ. నీళ్లు, 12 మి.లీ. ఇథనాల్ తీసుకుని, టెఫ్లాన్ లైనరున్న 50 మి.లీ. ఆటోక్లేవ్‌లో 120 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచితే చాలు. రాగి కాస్త ఎక్కువైనా పర్వాలేదు, ఇథనాల్‌తో కడిగితే పోతుంది. వేడి మరీ పెంచితే ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ కలుస్తుంది. అది బరువే పెంచుతుంది, రంధ్రాలివ్వదు.

అసలు పని ఆ తర్వాతే. పొడిని గోరువెచ్చని ఇథనాల్‌తో కడిగి, మిగిలిపోయిన ఆమ్లాన్ని తీసేయండి. తర్వాత నీరు లేని మిథనాల్‌లో రెండు రోజులు నానబెట్టి, కనీసం మూడుసార్లు మిథనాల్ మార్చండి. రాగిని పట్టుకున్న నీరు మొండిది, మిథనాల్ తేలిగ్గా వదులుతుంది. చివర్లో వాక్యూమ్ పంపు ఆపకుండా, మెల్లగా వేడి పెంచుతూ 150 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. తడి పొడిని ఒక్కసారిగా కాల్చినట్టు వేడి చేస్తే నీరే చట్రాన్ని దెబ్బతీస్తుంది.

పని పూర్తయిందో లేదో కంటితోనే తెలుస్తుంది. లేత ఆకాశనీలం పోయి ముదురు ఊదానీలం రావాలి. ట్యూబు మూత తీస్తే విశాఖ గాలికి కాసేపట్లోనే మళ్లీ లేతబడుతుంది. అందుకే తేమ లేని నైట్రోజన్ నింపి, మూత పెట్టాకే తూచండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. డీగ్యాస్‌కి (వేడి, వాక్యూమ్‌తో రంధ్రాలు ఖాళీ చేయడానికి) ముందు తూచిన 100 మి.గ్రా.లో 30 మి.గ్రా. నీరే అయితే, 1,500 కాస్తా 1,050గా కనిపిస్తుంది.

లెక్క కట్టేటప్పుడు కూడా జాగ్రత్త. యంత్రం మామూలుగా తీసుకునే 0.05–0.30 పీడన నిష్పత్తి (నైట్రోజన్ పీడనానికీ, అది ద్రవమయ్యే పీడనానికీ ఉన్న నిష్పత్తి) ఇంత సన్నటి రంధ్రాలకి పనికిరాదు. అంతకంటే తక్కువ నిష్పత్తుల్లో బిందువులు ఎంచుకోండి, బీఈటీ సమీకరణంలోని సీ స్థిరాంకం ధనాత్మకంగా రావాలి. నిల్వకి, ముఖ్యంగా వానాకాలంలో, సిలికా జెల్ డెసికేటర్‌ని నమ్మొద్దు. పొడిని మిథనాల్‌లోనే ఉంచి, కొలతకి ముందు ఆరబెట్టుకోవడం మేలు.

ప్రశ్న: మాఫ్‌ల మీద పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఒమర్ యాఘీ పరిశోధన ప్రభావాన్ని హెచ్-ఇండెక్స్ చూసి అంచనా వేయొచ్చా? – కాలేజీ అధ్యాపకుడు, గాజువాక

జవాబు: కొంతవరకే. హెచ్-ఇండెక్స్ 50 అంటే, కనీసం 50 సార్లు చొప్పున ఉదహరించిన పేపర్లు 50 ఉన్నాయని. రంగం పెద్దదైతే ఆ అంకె తనంతట తానే పెరుగుతుంది. మాఫ్‌ల మీద రాసే చాలా పేపర్లు మొదట్లోనే 1999లో యాఘీ బృందం చేసిన జింక్ మాఫ్, మాఫ్-5ని తలుచుకుంటాయి మరి.

ఆ పని చూపిన దారే అసలు ప్రభావం. జింక్ ఆక్సైడ్ ముడిని అలాగే ఉంచి, మధ్యలో కలిపే సేంద్రియ కడ్డీని మారిస్తే రంధ్రం సైజు మనం కోరినట్టు మారుతుందని 2002లో ఆయన బృందం ఒకే వరుసలో 16 పదార్థాలు చేసి చూపింది. పునాది ఒక్కరిదే కాదు. 1989లో రిచర్డ్ రాబ్సన్ రాగితో వజ్రం లాంటి చట్రం కట్టారు, 1997లో సుసుము కితగావా ఇలాంటి చట్రం వాయువుల్ని పీల్చి వదలగలదని నిరూపించారు. 2025 రసాయన నోబెల్ ముగ్గురికీ కలిపి ఇచ్చింది అందుకే.

మాఫ్-5 తేమ గాలికి కూలిపోతుంది. సముద్రపు ఒడ్డున పని చేసేవాళ్లకి ఇది చిన్న లోపం కాదు. 2008లో ఓస్లో బృందం జిర్కోనియంతో చేసిన యూఐఓ-66 నీళ్లలోనూ నిలిచింది. కెనడాలో పుట్టిన జింక్ మాఫ్ కాల్ఫ్-20 సిమెంట్ ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టే దశకి చేరింది. ప్రభావం కొలవాలంటే ఉదహరణల లెక్క కంటే ఇలాంటి కొనసాగింపుల్ని చూడటమే న్యాయమని మా అభిప్రాయం.

ప్రశ్న: గాలిలోంచి నీళ్లు తీసే మాఫ్ యంత్రం మా ఊళ్లో లాభమా? – పాఠకుడు, భీమిలి

జవాబు: అవసరం లేదు. అది ఎడారి కోసం. 30 డిగ్రీల వేడిలో తేమ 20 శాతమే ఉంటే, నీరు కారడానికి గాలిని 5 డిగ్రీల దాకా చల్లబరచాలి. అంత పొడి గాలిలోంచీ తేమ పీల్చే మాఫ్ అక్కడ ఆదుకుంటుంది. మీ దగ్గర తేమ 75 శాతం ఉన్న రోజున 25 డిగ్రీలకే కారుతుంది, మామూలు డీహ్యూమిడిఫైయర్ చాలు. అయితే ఆ నీళ్లలో కాయిల్ మీది దుమ్ము, బూజు, లోహం చేరతాయి కాబట్టి నేరుగా తాగకండి.