ఆడ, మగ అని చిన్న గడి

నల్గొండ

చి. సరితకు, చిన్నమ్మ ఆశీస్సులు.

దేవరకొండ దిక్కు పల్లె దవాఖానల పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. నాకు సంతోషమైంది గని, ఆమె మాత్రం ఎండలు, తండాలు, కుక్కలు అని ఒకటే బెంగ. కుక్కలకు భయపడకు బిడ్డా, చేతుల కట్టె పట్టుకొని పో. కుక్కకాటు సూది ఏ పీహెచ్‌సీల ఉంటదో మొదటి రోజే అడిగి పెట్టుకో. అది నీకు కాదు, ఊరోళ్లకు పనికొస్తది.

ముప్పై నాలుగేండ్లు ఏఎన్ఎంగ తిరిగిన. చదువు నాకంటె నీకే ఎక్కువ. ఆ చదువుల నాకు ఎవ్వరు చెప్పని ఒక్క సంగతి రాస్తున్న. రేపు నీకు ఓపీ రిజిస్టర్ ఇస్తరు. పేరు, వయసు పక్కన ఆడ/మగ అని చిన్న గడి ఉంటది. చాన ఏండ్లు నేను ఆ గడిని నెలాఖరు రిపోర్టు కోసమే నింపిన. జబ్బు ఎట్ల కనపడుతది, ఎప్పుడు బయటపడుతది అనేదాంట్ల సగం సంగతి ఆ గడిలనే ఉంటదని తెలిసేసరికి నాకు నెత్తి నెరిసింది.

పత్తి ఏరే కాలంల ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటది, షుగరున్నది. పొద్దున్నే చేనుకు పోయి నడుమల్నే తిరిగొచ్చింది. నడుముకు కట్టిన ఒడి కూడ ఇప్పలేదు, అండ్ల పత్తి అట్లనే ఉన్నది. "రెక్కల నడుమ పట్టినట్టున్నది, దవడ గుంజుతున్నది, అడుగేస్తె దమ్ము వస్తున్నది, కడుపుల తిప్పుతున్నది" అన్నది. ఎదల నొప్పి ఉన్నదా అంటె లేదన్నది. పొద్దున ఏం తిన్నవంటె రాత్రి కూర తిన్ననన్నది. ఇగ గ్యాసే అనుకున్న. గోలీ ఇచ్చి, ఇంటికి పోయి పండుకొమ్మన్న. రాత్రి ఆర్ఎంపీ సూది వేసిండు, ఆయన కూడ గ్యాసే అన్నడు. తెల్లారి నల్గొండకు తీసుకపోతె ఈసీజీ తీసి, గుండెపోటు నిన్ననే వచ్చిందన్నరు. పానం దక్కింది గని మల్ల చేనుకు పోలేదు. పది అడుగులేస్తె కూసునేది. అవే మాటలు ఒక మొగాయన చెప్తె నేను 108కు ఫోన్ చేద్దును. అది నాకు బాగ తెలుసు. అందుకే ఇంతసేపు రాస్తున్న.

ఆడోళ్లకు గుండెపోటుల ఎదనొప్పి రాదని అనుకోకు. చాన మందికి ఎదనొప్పే వస్తది. కాకపోతె దమ్ము రావుడు, వీపునొప్పి, దవడనొప్పి, వాంతి, ఒక్కసారె సత్తువ లేకుండ అయ్యుడు, ఇసొంటివి మొగోళ్లకంటె వీళ్లల ఎక్కువ కలుస్తయి. కొందరికి అవే ముందుకొచ్చి, నొప్పి ఎనుకకు పోతది. ముట్లు ఆగేదాక ఆడోళ్ల గుండెకు కొంత కాపు ఉంటది, అందుకే వాళ్లకు గుండెపోటు సుమారు పదేండ్లు ఆలస్యంగ వస్తది. షుగర్ ఉన్నామెకు ఆ కాపు సగం పోయినట్టే. కాన్పప్పుడు బీపీ పెరిగి ఫిట్స్ దాక పోయినామెకు, కడుపుతోని ఉన్నప్పుడు షుగర్ వచ్చినామెకు ముందు ముందు గుండె ముప్పు ఎక్కువ. నలభై దాటినామె బీపీ చూసేటప్పుడు పాత కాన్పుల సంగతి అడుగు. ఎవ్వరు అడగరు. ఇరవై ఏండ్ల కిందటి కాన్పు ముచ్చట ఇప్పుడెందుకని ఆమే నవ్వుతది. అయినా అడుగు. నడుము నుంచి దవడ దాక ఎక్కడ పట్టేసినా, దమ్ము, చెమటలు ఉంటె మొదలు ఈసీజీ, గ్యాస్ ముచ్చట తర్వాత.

తప్పంత నాదొక్కదానిదే కాదని నా మనసుకు చెప్పుకుంట. మనం చదివిన పుస్తకాలే చాన వరకు మొగోళ్ల ఒంటిని చూసి రాసినయి. అమెరికాల 1977ల, పిల్లలు పుట్టే వయసు ఆడోళ్లను కొత్త మందుల మొదటి పరీక్షలకు తీసుకోవద్దని పద్ధతి పెట్టిండ్రు. కడుపుల పిండానికి ఏమన్న అయితదని భయం. భయం తప్పు కాదు గని, 1993ల అది ఎత్తేసేదాక ఆ మందులు ఆడోళ్ల ఒంట్ల ఎట్ల పని చేస్తయో సరిగ చూసినోళ్లు తక్కువ. జోల్పిడెమ్ అనే నిద్రగోలీ ఉంటది. ఇరవై ఏండ్లు అమ్మినంక, 2013ల అక్కడి మందుల సంస్థ ఆడోళ్ల డోసు 10 మిల్లీగ్రాముల నుంచి 5కు దించింది. రాత్రి వేసుకున్న మందు తెల్లారి కూడ వాళ్ల రక్తంల ఎక్కువ మిగులుతున్నదంట. ఆ గోలీ వేసుకున్నామె "పొద్దున లేస్తె మబ్బుగ ఉంటున్నదమ్మా" అంటె నిద్రమొకం అని నవ్వకు.

ఇగ రక్తం. నీకు రోజు వినపడే మాట ఇదే: "రక్తం తక్కువున్నదంటమ్మా." చెప్పేటామె కూడ వానలు తక్కువున్నయన్నట్టే చెప్తది. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల 57 శాతానికి రక్తహీనత, అదే వయసు మొగోళ్లల 25 శాతానికి. మన తెలంగాణ ఆడోళ్ల లెక్క కూడ అంతే ఉంటది. సగం మందికి పైగ ఉన్న జబ్బును ఊరు జబ్బనే అనుకోదు. హిమోగ్లోబిన్ మొగోళ్లకు 13, ఆడోళ్లకు 12, కడుపుతోని ఉన్నామెకు 11 కంటె తగ్గితె రక్తహీనత. మిషను పాడైన రోజు గడప కాడికి తీసుకొచ్చి, ఎండ వెలుగుల కంటి కింది రెప్ప దించి చూడు, నాలుక చూడు. మిషనంత లెక్క చెప్పదు గని, ఎవరిని ఆ రోజే పంపాలెనో తెలుస్తది.

గోలీలు ఇచ్చి చేతులు దులుపుకోకు. ముట్టయినప్పుడు రోజుకు ఎన్ని బట్టలు మారుస్తున్నవు, ఎన్ని దినాలు, గడ్డలు పడుతున్నయా అని అడుగు. ఐరన్ గోలీ చాయ్‌తోని వేసుకోవద్దు, చాయ్‌కి గోలీకి గంట ఎడం ఉండాలె. కాల్షియం గోలీ కూడ దాంతోని కలపొద్దు. దొడ్డికి నల్లగ అయితది, భయపడొద్దని ముందే చెప్పు. చెప్పకపోతె రెండో రోజే గోలీలు పెంటకుప్పల ఉంటయి. నేను కండ్లారా చూసిన.

అదే మొగాయనకు హిమోగ్లోబిన్ 9 ఉన్నదనుకో. అప్పుడు గోలీల కంటె ముందు, ఆ రక్తం ఎక్కడ పోతున్నదో అడగాలె. ముట్టు లేని ఒంట్ల నుంచి రక్తం ఊరికె పోదు. మొలలా, కడుపుల పుండా, పేగుల గడ్డనా. ముట్లు ఆగిన ఆడామెకు కూడ ఇదే లెక్క. ఒకాయన మొలలని ఏడాది పసరు తాగిండు. చివరికి పెద్దపేగు కాన్సరని తేలింది. సిగ్గుకు ఇంట్ల కూడ చెప్పలే.

గర్భసంచి ముచ్చట కొంచెం కోపంతోని రాస్తున్న, ఏమనుకోకు. గర్భసంచి తీసేయించుకునుడుల మన రెండు తెలుగు రాష్ట్రాలు దేశంల ముందున్నయి. తెల్లబట్ట అయితున్నదని, నడుమునొప్పని పోతరు. "పిల్లలైపోయిండ్రు కదా, ఇంకెందుకు, రేపు కాన్సర్ అయితది" అని ఎవరో ఒక్కమాట అంటరు. ముప్పై రెండు, ముప్పై నాలుగేండ్లకే సంచి పోతది, అప్పు మిగుల్తది. నా చుట్టాలల్లనే ఒకామె ఉన్నది. స్కానింగ్ కాయితం చూపించమంటె కాయితమే లేదు. సంచితోని అండాశయాలు కూడ తీస్తె ఆ రోజు నుంచే ముట్లాగిన వయసు మొదలైతది. ఒళ్లు మండుడు, ఎముకలు పలుచబడుడు, గుండె ముప్పు, అన్ని ముందుకొస్తయి. అండాశయాలు ఉంచినా, ముట్లాగే వయసు రావల్సినదానికంటె ముందే వచ్చే అవకాశమున్నది.

సంచి తియ్యాల్సిన జబ్బులు లేవని కాదు. పెద్ద గడ్డలు, కిందికి జారుడు, నిజంగ కాన్సర్, ఇట్లాంటివాటికి తియ్యాల్సిందే. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఆపరేషన్ అన్న మాట వినపడంగనే పెద్ద దవాఖానల ఇంకో డాక్టరమ్మకు చూపియ్యి. ఉత్త తెల్లబట్టకు చాలసార్లు గోలీలే చాలు. ముప్పై దాటినోళ్లకు గర్భసంచి మూతి పరీక్ష, రొమ్ము పరీక్ష సర్కారు దవాఖానల్ల చేస్తరు. ఆ పేరు మీద పంపితె సిగ్గుపడుతరు. బీపీ, షుగర్‌తోని కలిపి పంపు.

మర్రిగూడ, మునుగోడు దిక్కు నుంచి వలస వచ్చిన ముసలోళ్లు తగిలితె మోకాళ్లు, మెడ వంగవు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ అని అందరికి తెలుసు. మిషన్ భగీరథ నల్లా నీళ్లొచ్చినంక కొత్త పిల్లలకు ఆ బాధ చాన వరకు తప్పింది గని, వీళ్ల ఎముకలల్ల చేరింది వీళ్లతోనే ఉన్నది. ఒక తిరకాసున్నది. ఫ్లోరైడ్ ఎముక ఎక్స్‌రేల తెల్లగ, దిట్టంగ కనపడుతది గని లోపల పెళుసు. ముట్లాగిన ఆడోళ్ల ఎముక పలుచబడుతది. ఒక్కామెలనే రెండు ఉంటె జారిపడుడు చిన్న ముచ్చట కాదు.

ఇగ మొగోళ్లు. వాళ్లు రారు. రాకపోవుడే వాళ్ల జబ్బు అనుకో. మన దేశంల మొగోళ్ల సగటు ఆయుష్షు ఆడోళ్లకంటె రెండు మూడేండ్లు తక్కువ. టీబీ వాళ్లల ఎక్కువ, బీడీ వాళ్లది, బండి మీద పడుడు వాళ్లదే. దవాఖానకు పోతె దినం కూలి పోతది, మీదికెల్లి ఆడోళ్ల లైన్ల నిలబడుడు నామోషీ. పగలు ఓపీల కూసుంటె వాళ్లు నీకు కనపడరు. పొద్దున చాయ్ హోటల్ కాడ, సాయంత్రం కల్లు కాంపౌండ్ బయట బీపీ మిషన్ పెట్టుకొని కూసో. మొదటిరోజు నవ్వుతరు, మూడోరోజు చెయ్యి చాపుతరు. షుగర్ ఉన్నాయన మగతనం సంగతి నీకు చెప్పడు. మగ హెల్త్ అసిస్టెంటుతోని అడిగియ్యి. అది సిగ్గు ముచ్చటే కాదు, కొందరికి గుండె జబ్బుకు ముందొచ్చే గుర్తు.

టీబీల ఒక మాట. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష అని నీకు తెలుసు. ఆడోళ్లు సిగ్గుకు గట్టిగ దగ్గరు, డబ్బీల ఉమ్మి వేసిస్తరు. దాంట్ల ఏం దొరుకుతది? పక్కకు తీసుకపోయి, లోపలికెల్లి దగ్గి తీసుడు చూపియ్యి. ఎన్నడు బీడీ ముట్టని ముసలామెకు ఆయాసమంటె కట్టెల పొయ్యి ఎన్నేండ్లు ఊదినవని అడుగు.

కల్లు గురించి తప్పకుండ అడగాలె. పాలమూరు దిక్కు నేను పని చేసిన రోజులల్ల మత్తుమందు కలిపిన కల్లు ఎక్కువ. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం, డైజిపామ్. తాగుడు ఆగిన ఒకటి రెండు రోజులకు చేతులు వణుకుతయి, లేనిపోనివి కనపడుతయి, ఫిట్స్ వస్తయి. మొగోడైతె కల్లు అందలేదని అందరికి అర్థమైతది. కాన్పయిన మూడోరోజు ఒక బాలింత అట్ల చేస్తె గాలి సోకిందని ఇంటోళ్లు వేపమండలు పట్టుకొచ్చిండ్రు. ఆమెకు కల్లు అలవాటున్నదా అని అప్పటిదాక ఎవ్వరు అడగలేదు. నేను కూడ అడగలే. మా ఆశా వర్కరక్క అడిగింది. పెద్ద దవాఖానకు పంపితె తేరుకున్నది. ఇంకోటి, అంతే తాగినా ఆడోళ్ల కాలేయం ముందు చెడిపోతది.

పత్తి పోయిన ఏడు, అప్పు పెరిగిన ఏడు మొగోళ్ల మొకాలు చూడు. 2022ల దేశంల ఆత్మహత్య చేసుకున్నోళ్లల పదిమందికి ఏడుగురు మొగోళ్లే. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అన్నా?" అని సూటిగ అడుగు. అడిగితె ఆ ఆలోచన కొత్తగ పుట్టదు, గుండె బరువు దిగుతది. ఇంట్ల పురుగుమందు డబ్బా ఎక్కడున్నదో భార్యను అడిగి, తాళమేసిన అర్రల పెట్టియ్యి. మనసు బాధ చెప్పుకునే సర్కారు ఫోన్ టెలి మానస్ నంబరు 14416 గోడ మీద రాయి.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి నాకు ఒడవని పంచాది. రక్తహీనత లెక్క చెప్పిన అదే సర్వేల దేశంల ఆపరేషన్ చేయించుకున్న ఆడోళ్లు 37.9 శాతం, మొగోళ్లు 0.3 శాతం. మొగోళ్లది కోత లేనిది, చిన్నది, అదే రోజు ఇంటికి పోవచ్చు. తర్వాత మూడు నెలలు వేరే జాగ్రత్త పడి, వీర్యం పరీక్ష చేయించుకుంటె అయిపాయె. పని చేసే సత్తువ పోతదని భయం. చేయించుకొని బాయి తవ్వుతున్నాయనను ఒక్కన్ని పట్టుకో, మిగిలింది ఆయనే చెప్తడు.

చివరగ ఒక కిటుకు. మొగోని జబ్బు పెండ్లాన్ని అడుగు, నిజం చెప్తది. ఆడామె జబ్బు మొగుణ్ని అడగకు, అత్తను అడగకు. తండాల మొగుడే ముందుకొచ్చి ఆమె మాటను తెలుగుల చెప్తడు. ముచ్చటగనే ఉంటది గని, ముట్టు సంగతి, కొట్టుడు సంగతి అండ్ల రాదు. బీపీ చూడాలె, ఎవ్వరు ఉండొద్దని బయటికి పంపి తలుపు దగ్గరికెయ్యి. గోర్ మాట, అంటె లంబాడోళ్ల భాష, నాలుగు ముక్కలు నేర్చుకో, ఆశా నేర్పుతది.

ఇంక ఉన్నది గని చెయ్యి గుంజుతున్నది. మందుల షాపు మూసేలోపల మీ చిన్నాయినకు షుగర్ గోలీలు తేవాలె. అయిపోయి రెండు రోజులైందంట, ఇప్పుడు చెప్తున్నడు.

మీ చిన్నమ్మ