విత్తనం, వేప కషాయం, పొలంలో వాటా: మహిళా రైతుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పొదుపు సంఘం వాళ్ళం కలిసి నిరుడు పెసర విత్తనం దాచుకున్నాం. బస్తాల్లో పోసేటప్పుడు ఒక్క పురుగు లేదు. రెండు నెలలకు చూస్తే గింజ గింజకూ బెజ్జం. మిగిలింది వేస్తే సగం కూడా మొలవలేదు. కొట్లో కొనుక్కోవడమే మేలంటున్నారు ఇంట్లోవాళ్ళు. ఏం చేయమంటారు?
(సంగారెడ్డి జిల్లా)

జవాబు: దాచుకోవడం మానకండి. విత్తనం కోసం ఏటా అప్పు చేసే అవసరం తప్పిందంటే ఆ ఇంట్లో ఆడవాళ్ళ మాటకు బలం వస్తుంది. దాచే పద్ధతి మాత్రం మార్చాలి.

ఆ పురుగు మీ బస్తాలో పుట్టింది కాదు, పొలం నుంచే వచ్చింది. పుచ్చు పురుగు ఎండుతున్న కాయ మీదే గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు గింజలోకి తొలుచుకుపోయి లోపలే పెరుగుతుంది కాబట్టి పైకి గింజ నున్నగానే కనిపిస్తుంది. వేడి రోజుల్లో నెల తిరిగేసరికి పెద్దదై, గుండ్రంగా బెజ్జం చేసుకుని బయటికొచ్చి మళ్ళీ గుడ్లు పెడుతుంది. గింజ మీద తెల్లటి చుక్క అతుక్కుని ఉందా? అది గుడ్డే.

అందుకే విత్తనానికి మొదటి, రెండో కోత కాయలే తీసుకోండి. నల్లబడిన కాయను చెట్టున ఉంచేయొద్దు. పట్టా మీద పలచగా ఎండబెట్టి, కర్రతో తేలిగ్గా కొట్టండి. గట్టిగా బాదితే గింజ లోపల మొలక దెబ్బతింటుంది, అది పైకి తెలియదు. తేమ 9 శాతానికి దిగాలి. కొలిచే మిషను లేకపోతే గింజను పంటికింద పెట్టి చూడండి. టక్కున విరిగితే చాలు, నొక్కుకుపోతే ఇంకా ఎండాలి. ఎండలోంచి తీసిన గింజను వేడి మీద బస్తాలో పోయకండి, లోపల చెమ్మ పడుతుంది. రాత్రంతా నీడన ఆరనిచ్చి పొద్దున పోయండి.

కిలో విత్తనానికి 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టించండి. అలా పట్టించింది తిండికి వాడొద్దు. పాత సంచులైతే మరిగే నీళ్ళలో ముంచి ఎండబెట్టాకే వాడాలి, కుట్లలోనే పాత పురుగు దాక్కుంటుంది. బస్తాలను చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టండి. వేరుశనగ దాచేవాళ్ళు మాత్రం గింజ వలవకుండా కాయగానే ఉంచాలి.

విత్తే ముందు మొలక చూడటం తప్పనిసరి. మంచివీ చెడ్డవీ ఏరకుండా వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెగుడ్డలో వరసగా పేర్చి చుట్టండి. గుడ్డ ఆరనివ్వకండి. ఐదారు రోజులకు విప్పి, వేరూ మొలకా రెండూ బాగున్నవి లెక్కపెట్టండి. పెసరకూ కందికీ 75 ఉండాలి. పెసరలో 60 వస్తే ఎకరాకు వేసే 8 కిలోలను 10 చేయండి. 50 కూడా రాకపోతే వేయకండి.

కంది దాచేటట్టయితే ఇంకో సంగతి: కందిపూల పుప్పొడిని తేనెటీగలు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తాయి. వేరే రకం కంది 100 మీటర్ల లోపు ఉంటే రకం కలిసిపోతుంది. పెసరకు ఆ బెడద తక్కువ.

విత్తనం అమ్మితే కేసు పెడతారేమోనని కొన్ని సంఘాలు భయపడుతున్నాయి. ప్రభుత్వం దగ్గర రిజిస్టరై రక్షణ పొందిన రకాన్ని కంపెనీ పేరో ముద్రో వేసి అమ్మకూడదు. అదొక్కటి తప్ప రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవడానికి, మార్చుకోవడానికి, అమ్ముకోవడానికి 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టంలోనే హక్కు ఉంది.

ప్రశ్న: వేప గింజల కషాయం చేసి అమ్ముదామని మొదలుపెట్టాం. కొందరు బాగా పనిచేసిందంటారు, కొందరు నీళ్ళలా ఉందంటారు. ఎందుకిలా?
(ప్రకాశం జిల్లా)

జవాబు: ముందు గింజ చూడండి. గుజ్జు కడగకుండా కుప్పపోసిన గింజకు బూజు పట్టి సత్తువ పోతుంది. రాలిన పండ్లను ఏరి, గుజ్జు తీసి, నీడలో ఆరబెట్టి, గాలాడే గోనెసంచిలో ఉంచండి. ఏడాది దాటింది వాడకండి.

100 లీటర్ల కషాయానికి 5 కిలోల వేపపప్పు (గింజ పైపెంకు తీస్తే లోపల ఉండేది). దంచి పల్చటి గుడ్డలో మూటగట్టి, 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నాననిచ్చి, పొద్దున పాలు కారేదాకా పిసికి వడగట్టండి. మిగతా నీళ్ళు కలిపాక చివర్లో 100 గ్రాముల సబ్బుపొడి కరిగించి పోయాలి. సబ్బు లేకపోతే మందు ఆకు మీద నిలవకుండా జారిపోతుంది. కషాయం ఆ రోజే అయిపోవాలి. ఎండకు వేప గుణం పోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టమని కొనేవాళ్ళకు చెప్పండి. ఇది గుడ్ల మీదా పిల్లపురుగు మీదా పనిచేస్తుంది, వేలెడు పురుగును ఆపదు. నీళ్ళలా ఉందన్నవాళ్ళలో చాలామంది ఆలస్యంగా కొట్టినవాళ్ళే అయి ఉంటారు. కషాయం నిలవ ఉండదు కాబట్టి తయారుచేసి అమ్మేకన్నా, కొలిచిన పప్పు పొడిని 5 కిలోల సంచుల్లో అమ్మడం మీకు మేలు.

ప్రశ్న: నాన్న పోయి మూడేళ్ళయింది. తాతల నాటి పొలంలో వాటా అడిగితే, నా పెళ్ళి 1983లో అయింది కాబట్టి హక్కు లేదంటున్నారు అన్నయ్యలు. నిజమేనా?
(నల్గొండ జిల్లా)

జవాబు: కాదు. వాళ్ళు చెబుతున్నది హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పాత సవరణ. దాంట్లో అప్పటికే పెళ్ళైన కూతుళ్ళకు వాటా లేదు. అదే చట్టానికి 2005లో వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళితో నిమిత్తం లేకుండా కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అది పుట్టుకతోనే వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మినహాయింపు ఒకటుంది: 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకం జరిగి ఉన్నా, పొలం అమ్మేసి ఉన్నా దాన్ని తిరగదోడలేరు.

పాసుపుస్తకం అన్నయ్యల పేర మారినంత మాత్రాన మీ హక్కు పోదు. కానీ చదవని కాగితం మీద సంతకం పెట్టకండి, అది హక్కు వదులుకున్న పత్రం కావచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకు ఉచితంగా లాయరును పెడతారు. పాత పహాణీ (ఊరి భూమి రికార్డు) నకళ్ళు, నాన్నగారి మరణ ధ్రువపత్రం పట్టుకుని వెళ్ళండి.