బెనహీ కొండకి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేముందు

చిన్నా,

జులైలో నీ కాన్వొకేషన్‌కి అమ్మా నాన్నా వస్తున్నారని, వాళ్ళకి ఏదైనా కొండ చూపించాలని ఉందని రాశావు. ఎడింబరో కోట, లాక్ నెస్ ఎలాగూ అందరూ చూపించేవే. నా మాట విని స్కాట్లాండులోనే మీ అబెర్డీన్ దగ్గరున్న బెనహీ కొండకి తీసుకెళ్ళు. ఇప్పుడు నేను రెడింగ్‌లో మీ వదిన దగ్గర ఉన్నాను, పిల్లాణ్ణి వదిలి రాలేను. వచ్చి ఉంటే ఇంత పొడుగు ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ముందు ఒక సంగతి. ఆ కొండకి నాలుగు వైపుల నుంచీ దారులున్నాయి. ఏ వైపు నుంచి ఎక్కితే ఆ కొండే కనిపిస్తుంది. మీ కుర్రాళ్ళు సాధారణంగా ఉత్తరాన బ్యాక్ ఓ బెనహీ నుంచి మొదలుపెట్టి, ఆక్సెన్ క్రెయిగ్ మీదుగా మిదర్ టాప్ చుట్టి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. లెక్కకి ఆక్సెన్ క్రెయిగే పెద్ద శిఖరం, 528 మీటర్లు. మిదర్ టాప్ 518. అయినా పొలాల్లోంచి చూసేవాళ్ళ కళ్ళన్నీ మిదర్ టాప్ మీదే ఉంటాయి. ఆ మొనదేలిన రాతి గుట్ట దూరం నుంచి కూడా ఇట్టే గుర్తుపట్టొచ్చు, వెనకటికి పడవలవాళ్ళు సముద్రంలోంచి దాన్ని చూసే దిక్కు పోల్చుకునేవాళ్ళు. రోవన్‌ట్రీ వైపు నుంచి వెళ్తే పాతకాలపు రాతిబాట. మీరు మాత్రం తూర్పున ఉన్న విజిటర్ సెంటర్ నుంచి మొదలుపెట్టండి. ఎందుకో చెప్తాను.

మీ నాన్న నా తమ్ముడు. వాడి సంగతి నాకు తెలుసు. ఎంత అందమైన చోటు చూపించినా రెండు నిమిషాలు చూసి "బాగుంది, పదండి" అంటాడు. వాడికి కావలసింది నేల. ఎవరు దున్నుతున్నారు, ఏం పండుతుంది, నీళ్ళెక్కణ్ణించి, కౌలెంత, ఇవీ వాడి ప్రశ్నలు. ఆ ప్రశ్నలకి జవాబులు దొరికే చోటు కొండ మీద కాదు, కింద అడవిలోనే ఉంది. విజిటర్ సెంటర్ నుంచి కాలనీ ట్రయల్ అని ఒక చిన్న దారి ఉంటుంది, గుర్తులు పెట్టి ఉంటాయి. చెట్ల మధ్య నాచు పట్టిన మొండిగోడలు కనిపిస్తాయి. అవి కోటలూ చర్చిలూ కావు, పేదవాళ్ళ ఇళ్ళు.

నాన్నకి ఇలా చెప్పు. ఈ కొండ ఒకప్పుడు ఎవరి సొంతమూ కాదు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా పశువులు మేపుకోడానికీ, పొయ్యిలోకి పీట్, అంటే ఎండబెడితే మండే బురదమట్టి, తవ్వుకోడానికీ వాడుకున్న ఉమ్మడి బంజరు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో సెంటు భూమి లేని కొన్ని కుటుంబాలు ఈ తూర్పు వాలులోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి, కాలనీ అంటే అదే. హెదర్ పొదలు పీకి, రాళ్ళేరి, ఆ రాళ్ళతోనే గట్లు కట్టి, మడులు చేసుకున్నారు. కొందరు రాతిపని చేసేవాళ్ళు, కొందరు కూలికి పోయేవాళ్ళు. బాగా ఉన్న రోజుల్లో కూడా వాళ్ళంతా కలిసి ఓ యాభై అరవై మంది. 1859లో చుట్టుపక్కల జమీందార్లు కోర్టు ద్వారా కొండని తమలో తాము పంచుకున్నారు. అంతవరకూ తమదనుకుని బాగుచేసుకున్న నేలకి ఆ కుటుంబాలు ఒక్కసారిగా కౌలుదార్లయ్యాయి. అద్దె కట్టలేనివాళ్ళు ఒక్కొక్కరే పోయారు. చివరిదాకా మిగిలినవాడు జార్జ్ ఎస్సన్, 1939లో చనిపోయాడు. కారు ఆపే చోటుకి ఇప్పటికీ ఆ ఇంటిపేరే ఉంది.

బంజరు సాగు చేసుకున్నవాడికి పట్టా రాకపోతే ఏమవుతుందో మీ నాన్నకి నువ్వు విడమరిచి చెప్పనక్కర్లేదు. మీ తాత చెరువు పక్క ముప్పావెకరం కోసం తాలూకాఫీసు చుట్టూ తిరిగిన రోజులు వాడు చూశాడు. అక్కడ వాడు గట్ల దగ్గర ఆగిపోతాడు, చూస్తూ ఉండు. ఆగనీ. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలవి. పెద్ద రాళ్ళు అడుగునా, రెండు వరసల మధ్య చిన్న రాళ్ళ కూరుడూ, అక్కడక్కడా గోడ అడ్డంగా పట్టుకునేలా పొడుగు రాయీ. ఎక్కడైనా గోడ కూలిన చోట నిలబడితే ఆ కట్టుబడి లోపలంతా కనిపిస్తుంది. గోడ మీద మాత్రం ఎక్కొద్దు, రాళ్ళు కదపొద్దు. పక్కనే క్లాకీ బర్న్ అని చిన్న వాగు పారుతుంది. మనవైపు పంటకాలువలో సగం ఉండదు, ఆ ఇళ్ళవాళ్ళకి అదే నీళ్ళు.

ఆ దారి పెద్ద ఎత్తు లేదు, అమ్మ మోకాళ్ళకి పరవాలేదు. అక్కడితో రోజు సార్థకమనే అనుకో. పైకి వెళ్ళాలని అమ్మకి ఉంటే సగం దూరం అడవిలో నెమ్మదిగా ఎక్కే బాటే, చెట్లు దాటాక హెదర్ మైదానం వస్తుంది. ఆ తర్వాత రాతి మెట్లు మొదలవుతాయి, నిట్టనిలువుగా ఉంటాయి. మెట్ల దగ్గర అమ్మ ఆగిపోవాలంటే బతిమాలొద్దు. తనని ఒంటరిగా మాత్రం వదలకండి, ఒకరు దగ్గరుండి ఒకరు ఎక్కి రండి. దిగేటప్పుడే మోకాళ్ళ అసలు సంగతి తెలిసేది. వాకింగ్ పోల్స్ ఒక జత ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. రానూ పోనూ నీకు రెండున్నర గంటలు పడితే వాళ్ళతో నాలుగు వేసుకో. జులైలో పది దాకా వెలుతురుంటుంది కాబట్టి తొందరేమీ లేదు. డిసెంబరులో అయితే మూడున్నరకే పొద్దు గూకుతుంది, అప్పుడు ఈ లెక్కలేవీ పనికిరావు.

"పైన ఏ దేవుడున్నాడు?" అని అమ్మ అడుగుతుంది, అడక్కుండా ఉండదు. కోటప్పకొండకి తప్ప ఇంకో కొండకి వెళ్ళి ఎరగదు కదా. దేవుడు లేడు, దయ్యం వేసిన దారి ఉందని చెప్పు. నవ్వుతుంది. కథ ఇదీ. డ్రమ్‌డర్నో అనే పల్లెలో ఒక అమ్మాయి పెళ్ళిరోజున రొట్టెలు కాలుస్తూ ఉంటే ఎవడో కొత్తవాడు వచ్చి పందెం వేశాడట, నీ రొట్టెలు అయ్యేలోగా కొండ మీదికి నేను రోడ్డు వేస్తానని. అమ్మాయి నవ్వి ఒప్పుకుంది. చూస్తే రోడ్డు తయారు, వచ్చినవాడు సాక్షాత్తూ సైతాను. ఆ అమ్మాయి పారిపోతూ మొక్కుకుంటే రాయైపోయింది. వాడు భుజం పట్టి లాగిన చోట రాయికి ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది. ఆ రాయి నిజంగానే ఉంది. చాపెల్ ఆఫ్ గీరీ ఊరి దగ్గర రోడ్డు పక్కనే మెయిడెన్ స్టోన్ అని మనిషి కన్నా చాలా ఎత్తు, ఎర్రటి గ్రానైటు, సుమారు తొమ్మిదో శతాబ్దంలో పిక్ట్‌లని ఇక్కడి పాతకాలపు జనం చెక్కినది. ఒక ముఖాన సిలువ, రెండో ముఖాన జంతువులు, అడుగున అద్దం, దువ్వెన. అమ్మకి ఆ అద్దం దువ్వెన తప్పకుండా చూపించు. టాక్సీ అతన్ని వెళ్ళేటప్పుడు అటు మీదుగా పోనిమ్మని అడిగితే సరి.

ఆ దయ్యం వేసిన బాటే నేను చెప్పిన రోవన్‌ట్రీ వైపు దారి. అది చేరేది మిదర్ టాప్ మీది పాత కోట ద్వారానికి. మీరు పైదాకా వెళ్తే శిఖరం కింద కుప్పగా పడిన రాళ్ళు వలయంలా కనిపిస్తాయి, వాటి మధ్యలోంచి సందులాంటి దారి. ఆ రాళ్ళ కుప్పే కోటగోడ. అబెర్డీన్ యూనివర్సిటీవాళ్ళు తవ్వి చూసి ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి పిక్ట్‌ల కట్టడమని తేల్చారు. నీ యూనివర్సిటీయే, ఆ మాట నాన్నతో గొప్పగా చెప్పుకో. రోమన్లు ఇక్కడి కాలెడోనియన్ తెగలవాళ్ళని ఓడించిన మాన్స్ గ్రౌపియస్ యుద్ధం ఈ కొండ పాదాల దగ్గరే జరిగిందని కొందరంటారు. దగ్గర్లో డర్నో దగ్గర రోమన్ల పెద్ద శిబిరం జాడ ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో బయటపడింది. పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, కాబట్టి గైడ్ లెవెల్లో ఖాయం చేసి చెప్పకు.

చిట్టచివరి రాతి గుట్ట ఎక్కడానికి చేతులూ కావాలి. గాలి ఎక్కువుంటే కోటగోడ లోపల ఆగిపోండి, చూడదగినదంతా అక్కణ్ణించీ కనిపిస్తుంది. తూర్పున సముద్రం, పడమట దూరంగా కెయిర్న్‌గార్మ్ కొండలు, కింద గీరీ పొలాలు. నాన్నకి పొలాల వైపు చూపించు. పచ్చగా, అక్కడక్కడా పసుపు తిరుగుతూ ఉండేది బార్లీ, కొంత విస్కీ తయారుచేసే మాల్టుకి పోతుంది. నల్లగా మేసేవి ఈ జిల్లా పేరుతోనే ప్రపంచమంతా తెలిసిన అబెర్డీన్ ఆంగస్ పశువులు.

"ఎవరి పొలంరా ఇది, దిగితే అరవరూ?" అని కూడా అడుగుతాడు. అరవరు. 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లాండులో దాదాపు ఎవరి నేల మీదైనా పద్ధతిగా నడిచి వెళ్ళొచ్చు. పంట తొక్కకూడదు, తెరిచిన గేటు మళ్ళీ వెయ్యాలి, దూడలున్న ఆవుల దగ్గరికి పోకూడదు, నిప్పు చెయ్యకూడదు. ఆ కాలనీ జనాన్ని వెళ్ళగొట్టిన కొండ మీద ఇప్పుడు గుంటూరు జిల్లా రైతు దర్జాగా నడవొచ్చు. ఆలోచిస్తే నాకు అది సంతోషమూ కాదు, కోపమూ కాదు, ఏదో ఒకటి అనిపిస్తుంది.

ఇక రావడం పోవడం. అబెర్డీన్ నుంచి ఇన్వరూరీకి రైల్లో అరగంట లోపే. అక్కణ్ణించి విజిటర్ సెంటర్‌కి టాక్సీ. తిరుగు టాక్సీ కూడా అప్పుడే మాట్లాడేసుకో, అడవిలో ఫోను అందదు. విజిటర్ సెంటర్ తెరిచే రోజులు ముందే చూసుకో, అమ్మకి బాత్‌రూము ముఖ్యం. ఆదివారం పెట్టుకోకు, రైళ్ళు తక్కువ.

చిన్న కొండే కదా అనుకుని చాలామంది కాన్వాసు బూట్లతో వచ్చి వణుకుతారు. ఊళ్ళో పద్దెనిమిది డిగ్రీలుంటే పైన పదిహేను, దానిమీద గాలి. అమ్మ చీరతో వస్తానంటే వద్దను. పంజాబీ డ్రెస్సు, పైన వాన ఆగే జాకెట్టు, చెవులకి మఫ్లర్. గొడుగు మాత్రం పట్టుకురావొద్దు, మొదటి గాలికే తిరగబడుతుంది. ముందురోజు రాత్రి మెట్ ఆఫీసువాళ్ళ కొండ వాతావరణం చూడు. పైన గాలి గంటకి నలభై మైళ్ళంటే కాలనీ చూసి వచ్చేయండి. పొద్దున్నే శిఖరం మబ్బు టోపీ పెట్టుకుని ఉన్నా అంతే. ఏదైనా జరిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. ఇప్పుడే ఆ నంబరుకి 'రిజిస్టర్' అని ఇంగ్లీషులో మెసేజ్ పంపి పెట్టుకో, సిగ్నల్ సరిగా లేనప్పుడు మెసేజ్‌తో అయినా పిలవొచ్చు.

తినడానికి పులిహోర కట్టించు. పెరుగన్నం చలికి ఎవరూ ముట్టరు. ఫ్లాస్కులో టీ ఉండాలి, అమ్మకి అది లేకపోతే తలనొప్పి. దారి పక్కన నీలంగా చిన్న బ్లేబెర్రీలు ఉంటాయి, తినొచ్చు, నోరంతా ఊదారంగు అవుతుంది. హెదర్ పూర్తిగా విరబూసేది ఆగస్టులో. వాళ్ళు జులై ఆఖరుదాకా ఉంటే కొంతైనా ఊదా తిరుగుతుంది.

పొదల్లో నడిస్తే టిక్‌లు పడతాయి, మన గేదెలకి పట్టే పిడుదుల్లాంటివే. ప్యాంటు సాక్సులో దోపుకోమను. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూసుకోండి. ఒకవేళ పట్టి ఉంటే గోటితో గిల్లకుండా సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి. తర్వాత వారాల్లో అక్కడ ఎర్రగా వలయం కడితే డాక్టరుకి చూపించాలి. వాళ్ళు ఇండియా వెళ్ళిపోయాక కనిపించినా సరే, స్కాట్లాండులో టిక్ కుట్టిందని అక్కడి డాక్టరుకి చెప్పమని నాన్నకి గుర్తుచెయ్యి, వాళ్ళకి అది తోచదు.

పిట్‌లాక్రీ దగ్గర టమ్మెల్ జలపాతానికి కూడా అనుకుంటున్నామన్నావు. 2024 ఏప్రిల్లో మన తెలుగు పిల్లలిద్దరు, డండీలో చదువుకునేవాళ్ళు, అక్కడే నీళ్ళలో పడి చనిపోయారు. వెళ్తే వెళ్ళండి, దారి మీద నుంచే చూడండి. తడి రాళ్ళ మీదికి ఎవరూ దిగొద్దు, నువ్వసలే వద్దు.

అమ్మ కాలి సైజు కనుక్కుని నాకు పంపు, ఇక్కడ సేల్‌లో మంచి బూట్లున్నాయి, కొరియర్ చేస్తాను. వచ్చిన రోజు నుంచే ఇంట్లో తొడుక్కుని తిరగమను. నాన్నకి ఫోన్ చేసి, ఇప్పట్నించీ రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద ఓ గంట నడవమన్నానని చెప్పు. నేను చెప్తే వినడు, నువ్వు చెప్పు.

ఉంటాను,
మీ అత్తయ్య