జంతుకణంలోని భాగాలు: ఇన్సులిన్ నడిచే దారిలో

జంతుకణంలోని ముఖ్య భాగాలేమిటో, వాటి పనులేమిటో బట్టీ పట్టకుండా గుర్తుంచుకోవడం ఎలాగని అడిగారు. నేనూ ఒకప్పుడు బట్టీ పట్టి, పరీక్షలో జంతుకణానికి కణకవచం (మొక్క కణాల చుట్టూ ఉండే గట్టి గోడ) గీసి మార్కులు పోగొట్టుకున్నాను. జంతుకణానికి కణకవచం ఉండదు. వెలుపలి హద్దు పలుచని ప్లాస్మా త్వచమే, ఏది లోపలికి రావాలో ఏది బయటికి పోవాలో నిర్ణయించేదీ అదే.

తర్వాత ప్రయోగశాలలో బుగ్గ లోపలివైపు పుల్లతో మెల్లగా గీకి, ఆ తడిని గాజు పలక మీద పులిమి, ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేసి సూక్ష్మదర్శినిలో చూశాను. అంచులు మడతపడిన పలుచని రేకుల్లాంటి కణాలు, ఒక్కోదానిలో ఒక ముదురు నీలి చుక్క కనిపించాయి. ఆ చుక్క కేంద్రకం, చుట్టూ ఉన్న లేత నీలం కణద్రవ్యం. పుస్తకంలోని కణం బొమ్మలో ఉన్న మిగతావేవీ కనబడకపోయేసరికి రంగు సరిగా పట్టలేదేమో అనుకున్నాను. నిజానికి మామూలు కాంతి సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కంటే చిన్న వివరాలను విడదీసి చూపలేదు. ప్రోటీన్లను తయారుచేసే రైబోసోము పరిమాణం 30 నానోమీటర్లకు మించదు.

కనబడని ఆ భాగాలు నాకు అర్థమైంది క్లోమంలోని బీటా కణం, రక్తంలో గ్లూకోజును తగ్గించే ఇన్సులిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే తీరు చదివినప్పుడే. కేంద్రకంలోని డీఎన్ఏలో ఉన్న సూచన ఆర్ఎన్ఏ నకలుగా మారి, కేంద్రక త్వచపు రంధ్రాల గుండా బయటికి వస్తుంది. రైబోసోములు దాన్ని చదువుతూ ప్రోటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలను గొలుసుగా కూర్చుతాయి. ఆ గొలుసు, రైబోసోములు అంటుకుని ఉండే త్వచాల వల అయిన గరుకు అంతర్జీవద్రవ్యజాలంలోకి చేరి సరైన ఆకృతిలో మడత పడి, చిన్న సంచుల్లో, సరుకును సర్ది పంపే గాల్జీ సంక్లిష్టానికి వెళ్తుంది. అక్కడ మళ్లీ సంచుల్లోకి సర్దుకుని, రక్తంలో గ్లూకోజు పెరిగినప్పుడు ఆ సంచులు ప్లాస్మా త్వచంతో కలిసిపోవడంతో ఇన్సులిన్ బయటపడుతుంది. ఈ పనికి కావలసిన శక్తిని ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) రూపంలో అందించేవి ప్రధానంగా మైటోకాండ్రియాలు. వీటికి సొంత డీఎన్ఏ ఉంది. మనిషిలో అందులోని జన్యువులు 37, అవి మనకు తల్లి నుంచే వస్తాయి.

ఈ దారిలో తగలనివి కొన్ని ఉన్నాయి. నునుపు అంతర్జీవద్రవ్యజాలం కొవ్వు పదార్థాలను తయారుచేస్తుంది, సెంట్రియోళ్లు కణవిభజనలో పాల్గొంటాయి. లైసోజోములను స్వయం విచ్ఛిత్తి సంచులనడం నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే అవి రోజూ చేసేది అరిగిపోయిన కణభాగాలను జీర్ణం చేసి, పనికొచ్చే పదార్థాన్ని తిరిగి కణానికి అందించడమే.

పుస్తకంలోని బొమ్మ ఏ ఒక్క కణానిదీ కాదని కూడా గమనించండి. గుండె కండర కణంలో మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. మనిషి పరిపక్వ ఎర్రరక్తకణంలో అవీ ఉండవు, కేంద్రకమూ ఉండదు.