ఆ 2 నానోసెకన్లు ఎవరు ఇవ్వాలి?

చిరంజీవికి పిన్ని ఆశీస్సులు.

నీ లినక్స్ బోర్డులో ఈథర్‌నెట్ లింకు వచ్చింది, వేగం 1000 (గిగాబిట్) అని చూపిస్తోంది, అవతలి యంత్రాన్ని పలకరించే పింగ్‌కు మాత్రం జవాబు రావడం లేదని రాశావు. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏముందో లినక్స్‌కు చెప్పే వర్ణన) ఫై-మోడ్ దగ్గర వట్టి ఆర్‌జీఎంఐఐ, దానికి -ఐడీ, -ఆర్ఎక్స్ఐడీ, -టీఎక్స్ఐడీ తగిలించినవి, ఈ నాలుగు పదాలనూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూస్తున్నానన్నావు. ముందు ఆ పని ఆపు నాయనా. అలా ఏదో ఒక పదంతో నడిచినా, ఎందుకు నడిచిందో తెలియని బోర్డు నీ చేతిలో మిగులుతుంది.

లింకు రావడం చూసి నమ్మకు. వేగం ఖాయమయ్యేది కేబుల్ మీది సంకేతాలను చూసుకునే ఫై చిప్‌కూ అవతలి స్విచ్‌కూ మధ్య. నీ చిక్కు ఫైకీ, ప్రాసెసర్ వైపు ప్యాకెట్లను పంపి అందుకునే మ్యాక్‌కూ మధ్య డేటా మోసే ఆర్‌జీఎంఐఐ గీతల మీద ఉంది. గిగాబిట్ వేగంలో అక్కడి క్లాక్ 125 మెగాహెర్ట్జ్, అంటే ఒక ఆవృత్తికి 8 నానోసెకన్లు. క్లాక్ పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ డేటా వస్తుంది కనుక ఒక్కో విలువ నిలిచేది 4 నానోసెకన్లే. డేటా, క్లాక్ ఒకేసారి మారితే అందుకునే చిప్ సరిగ్గా మారుతున్న క్షణంలోనే చదువుతుంది. అందుకే క్లాక్‌ను సుమారు 2 నానోసెకన్లు ఆలస్యం చేయాలి. ఆ ఆలస్యం ఎవరు ఇస్తారన్నదే అసలు ప్రశ్న.

రాగి గీతతోనే ఇవ్వాలంటే క్లాక్ గీత డేటా గీతలకన్నా రమారమి 30 సెంటీమీటర్లు పొడవుండాలి. బోర్డు లేఅవుట్ తెరిచి చూడు. అలాంటి మెలికలు కనిపించకపోతే నువ్వు రాయవలసింది ఆర్‌జీఎంఐఐ-ఐడీ. ఆ పదం బోర్డును వర్ణిస్తుంది: ఇక్కడి గీతలు ఆలస్యం ఇవ్వడం లేదు, చిప్‌లే ఇవ్వాలి అని. లినక్స్ ఆనవాయితీలో మామూలుగా ఆ పని ఫైది. వట్టి ఆర్‌జీఎంఐఐ అని రాస్తే రెండు దిక్కులా బోర్డే ఇస్తోందని అర్థం. మిగిలిన రెండూ ఒక్క దిక్కుకు చెందినవి. వాటిలోని ఆర్ఎక్స్ (వచ్చేది), టీఎక్స్ (పోయేది) అనేవి మ్యాక్ వైపు నుంచి లెక్క. ఫై, మ్యాక్ రెండూ ఆలస్యం ఇస్తే 4 నానోసెకన్లయి మళ్లీ మొదటికొస్తుంది.

పాత డీటీఎస్ (డివైస్ ట్రీ మూలం) ఫైళ్లను చూసి రాయకు. తప్పు పదంతో, ఫై లేచేటప్పుడే దాని అమరికను నిర్ణయించే స్ట్రాప్ పిన్నుల పుణ్యాన నడిచిపోయినవి వాటిలో ఉన్నాయి. 2020లో రియల్‌టెక్ ఆర్‌టీఎల్8211ఈ అనే ఫై చిప్ లినక్స్ డ్రైవర్‌లో ఆలస్యాల అమరికను సరిదిద్దాక, ఆల్‌విన్నర్ ప్రాసెసర్లున్న కొన్ని బోర్డుల్లో నెట్‌వర్క్ ఆగిపోయింది. చివరికి వాటి డీటీఎస్‌లలో ఆర్‌జీఎంఐఐ-ఐడీ అని మార్చవలసి వచ్చింది.

నాకూ ఒకసారి ఇలాంటిదే ఎదురైంది. ప్రయోగశాలలో నెలల తరబడి నిక్షేపంగా నడిచిన బోర్డు, బయటికి వెళ్లగానే మూగబోయింది. మేము కెర్నల్‌ను నెట్‌వర్క్ మీదుగా ఎక్కించేవాళ్లం కనుక కెర్నల్‌ను లేపే యూ-బూట్ ముందే ఫైలో ఆలస్యాలు అమర్చి పెట్టేది. బయట కెర్నల్ ఫ్లాష్ నుంచి లేచేది. యూ-బూట్ ఈథర్‌నెట్‌ను ముట్టేదే కాదు. పోనీ కెర్నల్ అమర్చుతుందా అంటే, ఆ ఫై చిప్ డ్రైవర్‌ను మేము కెర్నల్‌లో చేర్చలేదు. బూట్ లాగ్‌లో జెనెరిక్ ఫై అన్న మాట మొదటి రోజు నుంచీ ఉంది, నేను చదవలేదు. ఆ జెనెరిక్ డ్రైవర్‌కు ఆలస్యాల సంగతే తెలియదు. నువ్వు మాత్రం ఆ లాగ్ చదువు. పరీక్షించేటప్పుడు కరెంటు పూర్తిగా తీసి, యూ-బూట్‌లో నెట్‌వర్క్ వాడకుండా బోర్డును లేపు.

ఎథ్‌టూల్ ఆదేశంతో వేగాన్ని 100కు దించి చూడు. అక్కడ క్లాక్ 25 మెగాహెర్ట్జే కనుక ఈ తేడా అంతగా బాధించదు; అప్పుడు పింగ్‌కు జవాబు వస్తే అనుమానం ఆలస్యాల మీదికే వెళ్తుంది. గిగాబిట్‌లో సీఆర్‌సీ తప్పులు (అందిన ప్యాకెట్ చెడిందని తేల్చే లెక్క) పెరుగుతుంటే లోపం వచ్చే దిక్కులో ఉంది. అవతలి యంత్రం చిరునామా అడుగుతూ నీ బోర్డు పంపే ఏఆర్‌పీ అభ్యర్థనలు, అక్కడ ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌కు కనిపించకపోతే పోయే దిక్కును చూడు. ఆలస్యాన్ని సన్నగా సవరించే పికోసెకన్ల విలువలను సరైన పదం పెట్టాక, ఇంకా తప్పులు వస్తుంటేనే ముట్టుకో.

స్కీమాటిక్‌లో ఫై ఉన్న పేజీ, స్ట్రాప్ రెసిస్టర్ల విలువలతో సహా పంపు. బూట్ లాగ్ కూడా మొదటి వరుస నుంచి కావాలి. రాత్రికి చూసి ఫోను చేస్తాను.

పిన్ని